రాలినదానికి రూలు లేదు

మా ఇంటికి కిటికీలు ఏడు. వాటిలో అయిదోదాన్ని కొలుస్తూ నేను స్టూలు మీద ఉండగా మా ఆవిడ హైమవతి వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"టేపు పట్టుకుని ఏం చేస్తున్నారండీ?"

"కర్టెన్లకి కొలతలు. పొద్దున ఫోన్లో నువ్వే కదా అరిచావు, కర్టెన్ వేయించుకుంటున్నా, నూట ఇరవై పీసులు, పద్దెనిమిది అంగుళాల పొడుగు అని. ఏడు కిటికీలకి నూట ఇరవై ఏం చేసుకుంటాం? పక్కింటివాళ్ళవి కూడా కొలిచి రమ్మంటావా?"

"కర్టెన్ కాదు మహానుభావా, కెరటిన్! కెరటిన్ బాండింగు! ముందు ఇటు తిరిగి చూడండి."

తిరిగి చూశాను. చూసి స్టూలు దిగాను. దిగాను అని మర్యాదకి అంటున్నాను, నడుం ఇంకా నొప్పిగానే ఉంది. పొద్దున మెడ దాకా జుట్టుతో వెళ్ళిన మనిషి నడుం దాకా జుట్టుతో తిరిగొచ్చింది. నాలుగు గంటల్లో అడుగున్నర పెరిగే పంటని ఏ వ్యవసాయ శాఖా ఇంతవరకు కనిపెట్టలేదు.

సంగతేమిటంటే, పోయిన వానాకాలం హైమకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పన్నెండు వేలకి దిగిన రోజున డాక్టరు గారు మాటలు తగ్గించారు, మా అమ్మ మొక్కులు పెంచింది. "స్వామీ, పిల్ల లేచి కూచుంటే చాలు, నీ కొండకి తీసుకొచ్చి మూడు కత్తెర్లు ఇప్పిస్తాను" అని ఆస్పత్రి వరండాలోనే దణ్ణం పెట్టింది. మూడు కత్తెర్లంటే ఆడవాళ్ళు పూర్తి గుండు కాకుండా, మూడుసార్లు కత్తెర వేయించి కాసిని తలనీలాలు సమర్పించుకోవడం. పిల్ల లేచి కూచుంది. జుట్టు మాత్రం పడుకుంది. తలలో ఉండేదానికన్నా దువ్వెనలో ఉండేది ఎక్కువైంది. చివరికి మెడ దాకా కత్తిరించుకుంటే తప్ప ఆ పలచదనం దాగలేదు.

మామూలు మనిషికైతే పరవాలేదు. హైమ మామూలు మనిషి కాదు, వాల్జడ హైమ. హైస్కూల్లో ఆమె ముందు బెంచీలో కూచుంటే జడ కొస రెండో బెంచీ మీద హాజరు పలికేదట. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ పదో తరగతి వాళ్ళంతా ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. వాట్సప్ గ్రూపులో అరవై నలుగురు. అరవై నలుగురిలో ఒక్కరూ "హైమా, ఎలా ఉన్నావు?" అనలేదు. అందరూ "హైమా, జడ ఎలా ఉంది?" అన్నారు. హైమ ప్రతివాళ్ళకీ "బాగుంది" అనే రాసింది. జడ లేదని రాయడానికి జడిసింది.

"సవరం పెట్టుకోవే, మా అత్తగారిది ట్రంకు పెట్టెలో ఉంది" అంది మా అమ్మ.

"వాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడతారట అత్తయ్యగారూ. గెంతుతుంటే సవరం ఊడి గడిలో పడిందనుకోండి, నేను అవుటా, అది అవుటా?"

అలా సవరానికి సవరణ వచ్చింది. మా వీధి చివర లిల్లీ మేడం పార్లర్లో బాండింగు. అంటే చిన్న చిన్న పాయలు. ఒక్కో పాయ కొసన బియ్యపు గింజంత కెరటిన్ జిగురు. దాన్ని వేడి చేసి, సొంత వెంట్రుకల మొదట్లో పెట్టి నొక్కుతారు. చల్లారితే పట్టుకుంటుంది. మా పెళ్ళికి కూడా ఇంత గట్టి ముడి పడలేదని నా అనుమానం.

మళ్ళీ ఈ పాయల్ని ఎంచుకోవడం పిల్లకి సంబంధం ఎంచుకోవడంలా జరిగిందట. రంగు చూడాలంటే ట్యూబులైటు కింద కాదు, గుమ్మంలోకి వచ్చి ఎండలో, జుట్టు కొసలకి ఆనించి చూడాలి. మరీ తళతళలాడేది తీసుకోకూడదు, అది పైపూత. నాలుగు తలంట్లకి కొబ్బరిపీచు. కొస నుంచి మొదలు వైపు వేలితో నిమిరితే గరగరలాడకూడదు. ఇలా లిల్లీ మేడం చెప్పింది, హైమ నిమిరింది, రెండు గంటల తర్వాత సంబంధం కుదిరింది.

ఇక జాగ్రత్తలు. వాటిని లిల్లీ మేడం ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చింది. రెండు రోజులు తలస్నానం వద్దు. తర్వాత కూడా తల వంచి పోసుకోవద్దు, నిలబడి పోసుకోవాలి. దువ్వేటప్పుడు మొదళ్ళు ఒక చేత్తో పట్టుకుని కొసల నుంచి పైకి రావాలి. పడుకునేటప్పుడు వదులుగా అల్లుకోవాలి. మూడు నెలలకి వచ్చి మందు రాయించి తీయించుకోవాలి, సొంతంగా పీక్కోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్ర అక్షరాల్లో ఉంది: మొదళ్ళకి నూనె తగలరాదు. తగిలితే జిగురు జారును.

మా అమ్మకి ఎర్ర అక్షరాలూ నల్ల అక్షరాలూ ఒకటే, కళ్ళజోడు పెట్టుకోదు. పైగా డెబ్బై రెండేళ్ళ జీవితంలో ఆవిడ నూనె లేని తలని చూసింది ఒక్క గుండులోనే. ఎండు తలతో ఇంట్లో తిరుగుతున్న కోడల్ని చూస్తే ఆవిడకి గుండె తరుక్కుపోయింది. రోజూ మధ్యాహ్నం హైమ కునుకు తీయగానే పక్కన చేరి, వేలితో కొబ్బరినూనె ముంచి, పాయ పాయకీ తీరిగ్గా పట్టించేది. నేను చూశాను. మా అమ్మ నోటి మీద వేలు పెట్టుకుని "ష్" అంది. అమ్మకీ హైమకీ మధ్య మాట్లాడకపోవడమే ఇరవై ఆరేళ్ళుగా నా ఆరోగ్య రహస్యం. ఊరుకున్నాను.

"తల ఏంటో జిడ్డుగా ఉందండీ" అంది హైమ.

"ఉక్క" అంది మా అమ్మ.

ఆ ఉక్కతోనే శుక్రవారం పావురాలకొండ ఎక్కాం. ముందు మొక్కు, ఆదివారం సమ్మేళనం, ఇదీ హైమ లెక్క. ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి ఆ మొక్కు మాట తన చెవిన పడింది, దాన్ని పట్టుకునే బతికానంటుంది. అందుకే మోసం చేసే ఉద్దేశం ఆమెకి లేదు. కల్యాణకట్టలో టిక్కెట్టు చూపించి పీట మీద కూచోగానే క్షురకుడు వీర్రాఘవులుకి వివరంగా చెప్పింది. "బాబూ, పై పాయలు ముట్టుకోకు. వెనక కిందవైపు, మెడ దగ్గరున్నవే నా సొంతం. అక్కడ మూడు కత్తెర్లు వెయ్యి చాలు."

"అలాగేనండమ్మా" అని వీర్రాఘవులు పై పాయల్ని పక్కకి తప్పించబోయాడు. ఒక పాయ పక్కకి తప్పుకుంది. పూర్తిగా తప్పుకుంది. అతని చేతిలోకి వచ్చేసింది.

వీర్రాఘవులు కుడి చేతిలో కత్తెర కేసి చూశాడు. ఎడమ చేతిలో అడుగున్నర జుట్టు కేసి చూశాడు. కత్తెర జారవిడిచాడు.

"అమ్మోయ్! నేనేం చెయ్యలేదండి బాబూ! కత్తెర పెట్టనే లేదండి! ఇరవై ఏళ్ళ ఊడిగంలో ఇలా ఊడ్డం చూళ్ళేదండి!"

పక్క పీట మీద సగం గుండుతో ఉన్న ముసలాయన వంగి చూశాడు. "కత్తెర పెట్టకుండా వచ్చిందా?"

"కొసన చూడండర్రా, అక్షింత!" అని అరిచింది వెనకున్న ఒక పెద్దావిడ.

నిజమే. బియ్యపు గింజంత తెల్లటి పూస. నాకు రోజూ ఇంట్లో పడే అక్షింతలు వేరే రకం గనక నేను గుర్తుపట్టలేదు గాని, హాలు హాలంతా గుర్తుపట్టింది. "స్వామే తీసుకున్నాడు! అక్షింత పెట్టి మరీ తీసుకున్నాడు!" దణ్ణాలు మొదలయ్యాయి. ఫోన్లు లేచాయి.

"అయ్యో, అది అతికించిందండీ" అంది హైమ. ఆ గోలలో ఆ మాట వినపడింది నాకొక్కడికే. రెండోసారి అందామని నోరు తెరిచి, ఎదురుగా పాతిక ఫోన్లు చూసి మూసేసింది. "ఏవండీ, ఇప్పుడు చెప్తే సాయంత్రానికల్లా మా గ్రూపులో ఉంటుంది. టిక్కెట్టు మీద ముద్ర వేయించండి, మెల్లిగా వెళ్ళిపోదాం" అంది నా చెవిలో.

ముద్ర వేసేది సూపరింటెండెంటు చక్రధరం గారు. ఆయన వచ్చి, టిక్కెట్టు చూసి, పాయ చూసి, జేబులోంచి నిబంధనల పుస్తకం తీశారు.

"మా దగ్గర రెండే రకాలండీ. పూర్తి గుండు, మూడు కత్తెర్లు. ఈవిడ విషయంలో సమర్పణ: జరిగినది. కత్తెరల సంఖ్య: సున్నా. సున్నా కత్తెర్లకి గడి లేదు. రాలినదానికి రూలు లేదు. రూలు లేనిదానికి ముద్ర లేదు. ముద్ర లేనిదే దర్శనానికి పంపడానికి లేదు."

"అయితే రెండు నిమిషాలు పట్టదు, మూడు కత్తెర్లు వేయించేయండి" అన్నాను.

"స్వామి స్వయంగా తీసుకున్న తలలో మానవమాత్రుడి కత్తెరా? రేపు తనిఖీలో అడిగితే మీరొస్తారా జవాబు చెప్పడానికి?"

"సార్, అసలు సంగతి ఏంటంటే..." అని హైమ గొంతు తగ్గించి మొదలెట్టింది.

"మౌఖికంగా చెప్పినవి ఫైలుకెక్కవు మేడం. అర్జీ రాసివ్వండి, సోమవారం చూస్తాం."

అంతలో ఇంకో పాయ రాలింది. కేశం కాస్తా కేసయింది. కార్యనిర్వహణాధికారి నిరంజనరావు గారిని పిలవక తప్పలేదు. ఆయన వచ్చి, రెండు పాయలకీ నమస్కారం పెట్టి, మైకు దగ్గర నిలబడ్డారు.

"భక్తులకు విజ్ఞప్తి. ఈ సంఘటనను దేవస్థానం తీవ్రంగా పరిగణిస్తున్నది. మంచి అర్థంలోనే తీవ్రంగా పరిగణిస్తున్నది. ఇకమీదట దీనిని స్వచ్ఛంద కేశార్పణ అని వ్యవహరించవలసినదిగా కోరుచున్నాము. ఉద్యోగులలో స్వచ్ఛంద పదవీ విరమణ ఎటువంటిదో, వెంట్రుకలలో ఇది అటువంటిది. దీని అధ్యయనం నిమిత్తం త్రిసభ్య సంఘం తక్షణమే ఏర్పాటైనది."

సంఘంలో చక్రధరం గారు ఒకరు. ప్రత్యక్ష సాక్షిగా వీర్రాఘవులు ఒకడు. మూడోవారు జూనియర్ ఇంజనీరు. ఈయనెందుకని అడిగాను. ఎత్తు నుంచి కిందికి పడే ఏ వస్తువైనా ఇంజనీరింగు విభాగం పరిధిలోకే వస్తుందట. ఆయన తూకపు గుండు దారం వేలాడదీసి, మూడో పాయ రాలేదాకా ఆగి, "నిలువుగానే పడింది సార్" అని రాసుకున్నారు. తర్వాత హైమని పైనుంచి కిందికి చూసి "స్ట్రక్చరు బాగానే ఉంది" అన్నారు. భర్తగా నేను అభ్యంతరం చెప్పాలో ధన్యవాదాలు చెప్పాలో తెలియలేదు.

హైమని కుర్చీలో కూచోబెట్టి చుట్టూ తాడు కట్టారు. "తాకరాదు. ఊదరాదు. ఫ్యాను వేయరాదు" అని బోర్డు పెట్టారు. రాలిన ప్రతి పాయనీ పళ్ళెంలో పెట్టి, పూసతో సహా, పూజారి గారు లోపలికి తీసుకెళుతున్నారు. హైమ రెండు చేతుల్తో తల పట్టుకుంది.

"చేతులు తీయండి మేడం" అన్నారు చక్రధరం గారు. "రాలుడుకి ఆటంకం కలిగించినట్టవుతుంది."

"ఏవండీ, ఒక్కో పాయా పోతుంటే నాకు ప్రాణం పోతున్నట్టుంది. ఆదివారానికి ఏం మిగుల్తుంది? ఏదో ఒక ఉపాయం చెయ్యండి!"

పాయ ఊడితే అపాయమే గాని ఉపాయం ఎక్కణ్ణించి వస్తుంది? నేను అమ్మ కేసి చూశాను. అమ్మ స్తంభం చాటున నిలబడి నూనె వేలిని కొంగుతో తుడుచుకుంటోంది.

"అమ్మా, నువ్వు పూసిన నూనె వల్లే ఇదంతా. వెళ్ళి చెప్పు" అన్నాను.

"ఒరే అబ్బాయ్, నేను అనుకోవడం కూడా అదే గానీ," అంది గొంతు తగ్గించి, "పొరపాటున స్వామే తీసుకుంటున్నాడేమోరా? మనం మధ్యలో నూనె మాట ఎత్తితే బాగుంటుందా?"

ఇంతలో రెండో ప్రకటన వెలువడింది. "తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు కత్తెరలు, కత్తులు నిలుపుదల చేయడమైనది. భక్తులు తలలు వంచుకుని వేచి ఉండవలెను. స్వామివారు ఎవరి కేశములు ఎప్పుడు స్వీకరించేది చెప్పజాలము. దయచేసి తల గోక్కొనరాదు. గోకుట వలన రాలిన వెంట్రుకలు స్వచ్ఛందం కింద పరిగణింపబడవు."

బయట కర్తరి ఎండలు. లోపల కత్తెరలకి సెలవు. నాలుగొందల మంది తలలు వంచుకుని కూచున్నారు. ఎవరి తలలోంచీ ఏమీ రాలలేదు, చెమట తప్ప. క్షురకులు గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డారు. సగం గుండు ముసలాయన పరిస్థితి మరీ ఘోరం. గొరిగిన సగం పాత రూలు కింద, మిగిలిన సగం కొత్త రూలు కింద. ఏ సగం ఉక్కకి మాడుతోందో ఆయనకే తెలియాలి.

పూర్తి బట్టతల ఆయన ఒకడు తాడు దాటి వచ్చాడు. "సార్, నాది పదిహేనేళ్ళ కిందటే స్వచ్ఛందంగా పోయిందండి. పాత తేదీ వేసి ఒక ముద్ర ఇప్పిస్తారా?"

చక్రధరం గారు నవ్వలేదు. "గతకాలపు రాలుడుకి వర్తింపజేయాలంటే ప్రత్యేక ఉత్తర్వు కావాలి. రాలిన వెంట్రుకలు ఏ దిక్కుగా రాలాయో గుర్తుందా?"

"స్నానాలగదిలోకండి."

"అయితే కష్టం."

పన్నెండున్నర దాటింది. హాలు మధ్యలో ఒకమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, ఏడాది నిండని పాపని ఒళ్ళో పెట్టుకుని పొద్దుట్నుంచీ కూచుంది. పాపకి పుట్టువెంట్రుకలు తీయించాలి. తల నిండా ఒత్తు జుట్టు, దాని కింద చెమటకాయలు. పాప ఏడిచి ఏడిచి గొంతు బొంగురుపోయింది.

"బాబ్బాబు, పిల్ల సొమ్మసిల్లేలా ఉందండి. ఒక్క నిమిషం పని కదండి, తీసేయండి" అని ఆ అమ్మాయి వీర్రాఘవుల్ని బతిమాలింది.

వీర్రాఘవులు కత్తి కేసి చూశాడు, చక్రధరం గారి కేసి చూశాడు. "ఆర్డరు లేదు తల్లీ. కొంచెం ఓపిక పట్టు. నువ్వూ నీ పిల్లా గట్టిగా దణ్ణం పెట్టుకుంటే అదే రాల్తుందేమో."

"అలాగేనండి" అని ఆ అమ్మాయి నిజంగానే పాప రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టించింది.

హైమ అది చూసింది. నా కేసి కూడా చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ చూపు మూడుసార్లే చూశాను, మూడుసార్లూ తర్వాత ఇల్లు మారాం.

లేచింది. తాడు కిందనుంచి దూరింది. దూరడంలో ఇంకో రెండు పాయలు తాడుకి చిక్కి ఉండిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు. తిన్నగా వెళ్ళి నిరంజనరావు గారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"అందరూ ఒక్కసారి తలలెత్తండి. ఫోన్లున్నవాళ్ళు కూడా ఎత్తండి, బాగా తీయండి. ఇది నా జుట్టు కాదు. మా వీధి పార్లర్లో అతికించింది. కొసనున్నది అక్షింత కాదు, జిగురు. ఇది నూట ఇరవై పీసులు, నా సొంత జుట్టు ఇదిగో, మెడ దాకా. డెంగ్యూకి ఊడిపోయింది. ఆదివారం మా బడి స్నేహితులొస్తున్నారు, వాళ్ళ ముందు పాత జడతో కనపడాలని సిగ్గుపడి అతికించుకున్నాను. ఇందాకే చెప్దామనుకుని ఫోన్లు చూసి నోరు మూసుకున్నాను. నా జడ కోసం ఈ పసిపిల్లని ఇంతసేపు ఎండబెట్టాను. తప్పు నాది." ఊపిరి తీసుకుంది. "ఎందుకు రాలుతోందో మాత్రం నిజంగా నాకు తెలియదు. లిల్లీ మేడం మూడు నెలలు కదలదంది."

స్తంభం చాటునుంచి మా అమ్మ చెప్పుల్లేని కాళ్ళతో టపటపా నడుచుకుంటూ మైకు దగ్గరికి వచ్చింది. కోడలి మొహం కేసి చూడకుండా మైకు కేసే చూస్తూ చెప్పింది.

"నూనె నేను రాశాను. వద్దని కాయితమ్మీద రాశారంట, నాకు అక్షరాలు ఆనవు. రోజూ మధ్యానం నిద్రపోతున్నప్పుడు రాశాను. ప్రాణం దక్కి లేచిన పిల్ల, ఎండు తలతో తిప్పుతానా చెప్పండి? స్వామి దగ్గరికి నూనె లేని తలతో తీసుకొస్తే నన్నేమనుకుంటాడు? ఉక్క అని అబద్ధమాడాను. మా అబ్బాయి కూడా చూశాడు."

చివరి వాక్యం అవసరం లేదని నా అభిప్రాయం. నాలుగొందల మంది నా కేసి తిరిగారు. నేను జీవితంలో మొదటిసారి గుండుతో ఉంటే బాగుండునని కోరుకున్నాను, ఎవరూ గుర్తుపట్టరు.

హైమ అత్తగారి కేసి చూసింది. "అత్తయ్యగారూ, ఏం నూనె?"

"కొబ్బరినూనేనే. మన చెట్టుదే. ఆడించి తెచ్చాను."

"మంచిదే లెండి" అంది హైమ. నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది. ముందు వరసలోని పెద్దావిడ నవ్వింది. ఆ నవ్వు వరస వెంబడి వెనక్కి పాకింది. ఇంజనీరు గారు తూకపు దారం చుట్టుకుని జేబులో పెట్టుకున్నారు.

నిరంజనరావు గారు హైమ చేతిలోని మైకు మీదికి వంగి గొంతు సవరించుకున్నారు. "స్వచ్ఛంద కేశార్పణ ప్రక్రియ విజయవంతంగా అధ్యయనం చేయబడి, విజయవంతంగా ముగించబడినది. సంఘం రద్దు. కత్తెరలు పునఃప్రారంభం."

వీర్రాఘవులు మొదట పాప దగ్గరికి పరిగెత్తాడు. రెండు నిమిషాల్లో నున్నటి గుండు, దాని మీద తడి గంధం. పాప ఏడుపు ఆపి గుండు మీద చెయ్యి వేసుకుని ఆశ్చర్యపోయింది.

తర్వాత హైమ మైకుతోనే పీట మీద కూచుంది. మిగిలిన పాయల్ని తానే వేళ్ళతో ఒక్కొక్కటే జార్చింది. నూనె పుణ్యమా అని ఏ మందూ అక్కర్లేకపోయింది. "ఆదివారం ఇలాగే వెళ్తాను. జడ ఎలా ఉందని అడిగితే పావురాలకొండ మీద ఉందని చెప్తాను. ఇక మూడు కత్తెర్లు వెయ్యి బాబూ" అంది.

"ఒక్క నిమిషం" అన్నారు చక్రధరం గారు. పొద్దుటి దెబ్బకి ఆయన ఏ తలనీ నమ్మే స్థితిలో లేరు. "ఇది మీ సొంతమేనని ఆధారం ఏమిటి? తహసీల్దారు ధ్రువపత్రం గాని, రెండు సంతకాలు గాని..."

"లాగి చూడండి" అంది హైమ, మైకు ఇంకా ఒళ్ళోనే ఉన్న సంగతి మరిచిపోయి.

చక్రధరం గారు వీర్రాఘవులుకి సైగ చేశారు. ఇందాకటి భయం ఇంకా దిగని వీర్రాఘవులు, మళ్ళీ చేతిలోకి వచ్చేస్తుందేమో తేల్చుకుందామని, మెడ దగ్గర జుట్టు పిడికిట పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

"అమ్మోయ్!"

ఆ కేక మైకులోంచి స్పీకర్లలోకి, స్పీకర్లలోంచి గోపురం మీదికి వెళ్ళింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. చక్రధరం గారు తృప్తిగా తలూపి, టిక్కెట్టు మీద ముద్ర గుద్ది, దాని కింద తన చేతిరాతతో నింపారు.

"కేశములు: సొంతము. కత్తెరలు: మూడు. ఆధారము: కేక."